ఉప్పుగాలి – ఉక్కుగొట్టం

విశాఖపట్నం ఓడరేవు నగరం, ఉక్కునగరం కూడా. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుండి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదుగా ఇనుపఖనిజం ఈ తీరానికి చేరుతుంది. ఆ ఖనిజం ఇనుము, ఆమ్లజని కలిసిన సమ్మేళనం. కొలిమిలో ఆమ్లజనిని తొలగిస్తేనే ఇనుము లభిస్తుంది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో జరిగేది ఈ పనే. కానీ ఇనుము ఆమ్లజనికి ఎంతోకాలం దూరంగా ఉండజాలదు. తేమ సోకగానే తిరిగి దానితో కలుస్తుంది. ఆ కలయికనే మనం తుప్పు అంటున్నాం. సముద్రపుగాలి మోసుకువచ్చే ఉప్పు ఈ చర్యను మరింత వేగవంతం చేస్తుంది.

కంటికి కనిపించే తుప్పు వల్ల ప్రమాదం తక్కువ. రామకృష్ణా బీచ్‌లో 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఉక్కుదేహంపై మచ్చ కనబడితే, గీకి రంగు పూయవచ్చు. కనబడని చోట పట్టిన తుప్పే ప్రాణాంతకం. పాత జీపు అడుగున ఉండే సన్నని గొట్టాలు ఇందుకు తగిన ఉదాహరణ.

ఒకచోట బంధించిన ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందని పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ నిరూపించాడు. ఒక చదరపు సెంటీమీటరు పిస్టన్‌పై 50 కిలోల బరువు మోపితే, అదే ద్రవం నాలుగు చదరపు సెంటీమీటర్ల పిస్టన్‌ను 200 కిలోల బలంతో నెడుతుంది. డ్రైవరు పాదం ఒత్తిడికి బరువైన వాహనం ఆగడంలోని రహస్యం ఇదే. 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారులో ద్రవపీడనం సస్పెన్షన్‌కూ తోడ్పడింది. 1998లో వచ్చిన రెండవ తరం ల్యాండ్‌రోవర్ డిస్కవరీలో, మలుపుల వద్ద వాహనం పక్కకు ఒరగకుండా నిలిపే ద్రవపీడన ఏర్పాటును కొన్ని రకాలకు అమర్చారు. గొట్టాలు చేసే పని వేరైనా, వాటికి పట్టే జబ్బు ఒక్కటే.

సాధారణంగా బ్రేకు గొట్టం వెలుపలి వ్యాసం 4.75 మిల్లీమీటర్లు, గోడ మందం సుమారు 0.7 మిల్లీమీటరు. క్లిప్పులు పట్టుకున్న చోట బురద, ఉప్పునీరు నిలిచి, పై నుండి తుప్పు పడుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకోవడం వల్ల లోపలి నుండీ లోహం తినబడుతుంది. అరకు నుండి అనంతగిరి ఘాట్ రోడ్డులో దిగుతున్న జీపును ఊహించండి. మలుపు దగ్గర డ్రైవరు బలంగా బ్రేకు నొక్కుతాడు. గొట్టం అంతవరకు ఎరుగని పీడనం ఆ క్షణంలో ఏర్పడుతుంది. పలుచబడిన గోడ పగిలితే, నాలుగు చక్రాలకూ ఒకే ద్రవమార్గం ఉన్న పాత జీపులో బ్రేకులన్నీ ఒక్కసారిగా విఫలమవుతాయి.

అందుచేత గొట్టం మార్చడంలో క్రమం తప్పరాదు. మొదట చక్రాలకు అడ్డు పెట్టి, వాహనాన్ని జాకీపై మాత్రమే గాక దృఢమైన స్టాండ్లపై నిలపాలి. పట్టుకుపోయిన నట్లను తుప్పు వదిలించే నూనెతో నానబెట్టి, వాటికి తగిన పానాతోనే విప్పాలి. పాత గొట్టాన్ని విరగగొట్టకుండా తీస్తే, కొత్తదాని పొడవుకు, వంపులకు అదే నమూనా అవుతుంది. కోసిన అంచును నునుపు చేసి, లోపలి రజను తొలగించి, నట్టును ముందుగా ఎక్కించి, ఆ తరువాతే కొనను గరాటువలె విప్పారించాలి. వంపులో గొట్టం నొక్కుకుపోరాదు. క్లిప్పులన్నీ యథాస్థానంలో బిగించాలి. చివరకు కొత్త బ్రేకు ఆయిలు నింపి, సాధారణంగా మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి, బుడగలు ఆగేవరకు గాలి తీయాలి. గాలి నొక్కితే కుదించుకుపోతుంది. బలాన్ని చక్రానికి అందించదు.

తుప్పుపై రంగు పూసి సరిపెట్టడం, పగిలినచోట రబ్బరు ముక్క తొడగడం మరమ్మతు కావు, ఆత్మవంచన. ఒక గొట్టం పాడైతే, అదే వయసున్న మిగిలినవాటినీ పరీక్షించాలి. జింకు పూత ఉన్న ఉక్కు గొట్టం కొంతకాలం కాపాడుతుంది. రాగి, నికెల్ మిశ్రమలోహపు గొట్టం అంతకంటె మన్నికైనది. ఓడలలో సముద్రపునీటిని మోసే గొట్టాలకూ ఈ జాతి లోహాలనే వాడతారు. ఓడరేవు నేర్పిన ఈ పాఠం జీపుకూ వర్తిస్తుంది.

ఉక్కును తయారుచేయడానికి మహాకర్మాగారం కావాలి. దానిని కాపాడడానికి ఒక దీపం, ఒక గుడ్డ, కొంత ఓపిక చాలు. జీపు వెనుక సీటులో కూర్చున్న ప్రయాణికుడు ఆ గొట్టాన్ని ఎన్నడూ చూడడు. బండి కింద పడుకుని దానిని తుడిచి చూసిన పనివాని శ్రద్ధపైనే అతడు కొండ దిగుతున్నాడు.

ప్రశ్నలు
1. ఇనుపఖనిజానికీ తుప్పుకూ గల సంబంధాన్ని వివరించండి.
2. బ్రేకు గొట్టం లోపలి నుండి, వెలుపలి నుండి ఎట్లా క్షీణిస్తుంది?
3. గొట్టాన్ని మార్చిన తరువాత గాలి తీయడం ఎందుకు అవసరం?