33 ఓమ్‌ల నిగ్రహం

మీ మాటలో విషయం ఉంది, లెక్క సరిగ్గా ఉంది. అయినా మీటింగులో ఎవరి చెవికీ ఎక్కలేదు. అప్పుడు చాలామంది గొంతు పెంచుతారు. అదీ పారకపోతే "వీళ్లకు చెప్పి లాభం లేదు" అని ముడుచుకుపోతారు. ఈ రెండూ ఎందుకు పనికిరావో తెలియాలంటే, వేగంగా పనిచేసే ఎలక్ట్రానిక్ బోర్డు మీద సిగ్నల్ ఎలా నడుస్తుందో ఒక్కసారి చూడండి.

అక్కడి రాగి గీత ఒట్టి తీగ కాదు, అల ప్రయాణించే దారి. మామూలు బోర్డు మీద సిగ్నల్ నానోసెకనుకు దాదాపు 15 సెంటీమీటర్లు వెళ్తుంది. ఆ దారికి తనదైన ఇంపెడెన్స్, అంటే అలకు ఎదురయ్యే నిరోధం ఉంటుంది, చాలాచోట్ల 50 ఓమ్‌లు. చివర కూడా అంతే ఉంటే అల అక్కడ పూర్తిగా ఇంకిపోతుంది. తేడా ఉంటే కొంత వెనక్కి తిరుగుతుంది. 50 ఓమ్‌ల దారి చివర 75 ఓమ్‌లు ఉన్నాయనుకోండి, పంపిన వోల్టేజీలో ఐదో వంతు తిరిగొస్తుంది. 10 వోల్టులు పంపితే 2, 100 పంపితే 20. ఎంత గట్టిగా పంపితే తిప్పికొట్టడం అంత గట్టిగా ఉంటుంది.

దారి పొట్టిదై, సిగ్నల్ నిదానంగా లేచేదైతే ఈ గొడవ ఉండదు. ఎవరూ గమనించకముందే అలలు సద్దుమణుగుతాయి. వేగం పెరిగినప్పుడే తేడా బయటపడుతుంది. ఇంట్లో తమ్ముడితో ఎలా మాట్లాడినా చెల్లుతుంది. డెడ్‌లైన్ ముందు రోజు, ముఖం కూడా చూడని క్లయింటుతో అలా మాట్లాడితే చెల్లదు.

ఇప్పుడు ఒక లెక్క దగ్గరగా చూద్దాం. 3.3 వోల్టుల చిప్ ఒకటి సిగ్నల్ పంపుతోంది. దాని సొంత ఇంపెడెన్స్ 17 ఓమ్‌లు, ముందున్న దారి 50. అవతలి చిప్ ఇన్‌పుట్ దాదాపు తెరిచి ఉన్న కొస, అక్కడికి చేరిన అల రెట్టింపవుతుంది. ఏ జాగ్రత్తా లేకుండా వదిలేస్తే, తొలి విసురులోనే దాదాపు 2.5 వోల్టులు దారిలోకి వెళ్తాయి. కాగితం మీది లెక్క ప్రకారం అవతల అది 4.9 అవుతుంది. కాసేపటికి 2.5కి పడుతుంది, మళ్లీ 3.7కి లేస్తుంది. ఇలా ఊగి ఊగి చివరికి 3.3 దగ్గర నిలుస్తుంది. ఊగిసలాట మరీ ఎక్కువైతే అవతలి చిప్ ఒకే క్లాక్ పల్స్‌ను రెండుగా లెక్కపెట్టవచ్చు. చెప్పింది ఒకటి, అర్థమైంది ఇంకొకటి.

దీనికి మందు పైసల్లో దొరికే 33 ఓమ్‌ల రెసిస్టర్. దాన్ని పెట్టేది వినే చిప్ దగ్గర కాదు, పంపే చిప్ పిన్ను పక్కనే. 17, 33 కలిస్తే 50. ఇప్పుడు దారిలోకి వెళ్లేది సగమే, 1.65 వోల్టులు. అవతలి కొసలో అది రెట్టింపై సరిగ్గా 3.3 అవుతుంది. తిరిగొచ్చిన అల పంపినచోటే ఇంకిపోతుంది, మళ్లీ బయల్దేరదు.

ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే సర్దుబాటంతా మాట్లాడేవాడి వైపే ఉంది. మీరు టెస్టింగ్‌లో ఉన్నారు, డిజైన్‌లో లోపం కనిపించింది. "నీ డిజైన్ తప్పు" అంటే తీర్పు మొత్తం మీరే మోసుకెళ్లి అవతలివాడి ముందు పడేసినట్టు. అతను దాన్ని తిప్పికొట్టక తప్పదు. "ఈ పిన్ను దగ్గర 4.9 వోల్టులు కనిపిస్తోంది, ఒకసారి చూస్తావా?" అనండి. మీరు చెప్పింది సగమే. మిగతా సగం అతనే పూరిస్తాడు, తను కనిపెట్టిన తప్పును తనే దిద్దుకుంటాడు. ఒకవేళ చిరాగ్గా ఏదో అన్నా, అది మీ దగ్గరే ఆగిపోనివ్వండి.

అలాగని మరీ తగ్గిపోకండి. అదే చోట 33కి బదులు 330 పెడితే సిగ్నల్ మెట్లుమెట్లుగా, నీరసంగా ఎక్కుతుంది. సమయానికి అవతలికి అందదు. "సార్, ఏమనుకోకపోతే, బహుశా, చిన్న సందేహం..." అంటూ మొదలుపెట్టేవాళ్ల మాట విషయానికి వచ్చేసరికి మీటింగే అయిపోతుంది. మొహమాటపడేవాళ్లు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

గొంతు పెంచితే ఏమవుతుందో 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిగ్రాఫ్ కేబుల్ చూపించింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. అక్కడి సాంకేతిక ఇబ్బంది వేరు, మనిషి స్పందన మాత్రం మనకు తెలిసిందే. కేబుల్ బాధ్యత చూస్తున్న వైల్డ్‌మన్ వైట్‌హౌస్ దాదాపు 2,000 వోల్టులు ఎక్కించాడు. అసలే బలహీనంగా ఉన్న కేబుల్ కొన్ని వారాలకే మూగబోయింది. శాస్త్రవేత్త విలియం థామ్సన్ మాత్రం సన్నటి సంకేతాన్నీ పసిగట్టే అద్దపు గాల్వనోమీటర్ తయారుచేశాడు. 1866లో వేసిన కేబుల్ నిలిచింది, దాని మీద సందేశాలు చదవడానికి వాడింది థామ్సన్ పరికరాన్నే.

ఇంకొక్క సంగతి. వేడి, వోల్టేజీ మారితే చిప్ ఇంపెడెన్స్ కూడా మారుతుంది. అందుకే డీడీఆర్3 మెమరీ చిప్‌లకు బయట 240 ఓమ్‌ల కచ్చితమైన రెసిస్టర్ ఒకటి ఉంటుంది, తేడా ఒక్క శాతం లోపే. పవర్ ఇచ్చినప్పుడు, తర్వాత పని మధ్యలోనూ, చిప్ తనను దానితో పోల్చుకుని సరిచేసుకుంటుంది. పొద్దున పది గంటల మీరు, రిలీజ్ ముందు రాత్రి పదకొండు గంటల మీరు ఒకరు కారు. మీ టీమ్‌తో సంబంధం లేని, ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని ఒకరిని ఎంచుకోండి. "ఈమధ్య నా మాట ఎలా ఉంటోంది?" అని అడుగుతూ ఉండండి. పొగిడేవాళ్లు ఈ పనికి పనికిరారు.

ఈ వారం పంపాల్సిన కష్టమైన మెయిల్ ఒకటి మీ దగ్గర ఉండే ఉంటుంది. అందులోని తీర్పులన్నీ తీసేయండి. చూసింది చూసినట్టు రాసి, చివర ఒక ప్రశ్న పెట్టి పంపండి. జవాబు కటువుగా వస్తే ఆ రాత్రి తిరిగి రాయకండి.