కారు మరమ్మతు బీమా: ఒక చిన్న లెక్క

కారుకు బీమా ఉన్నది గదా, ఇంజను చెడితే కంపెనీయే ఇస్తుందిలే అనుకొనేవారు మనలో చాలామంది. అది నిజము కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టము తప్పనిసరి చేసినది ఎదుటివారికి కలిగే నష్టానికి బీమా మాత్రమే. కాంప్రహెన్సివ్ పాలసీ తీసుకున్నా అది ప్రమాదము, దొంగతనము, అగ్ని వంటి వాటికే. దానంతట అది చెడిన యంత్రానికి, అరుగుదలకు అందులో చోటు లేదు. ఆ ఖాళీని చూపి షోరూములలో అమ్మేదే పొడిగింపు వారంటీ.

మా బావ అమీర్‌పేటలో ట్యాక్సీ నడుపుతాడు. ఆయన ఒకనాడు ఆ కాగితం తెచ్చి, "స్టాటిస్టిక్స్ చదువుతున్నవు గదరా, ఇది కట్టాల్నా వద్దా చెప్పు" అన్నాడు. మైత్రీవనం దగ్గర, కోచింగు సెంటర్ల బోర్డుల కింద, టీ బండి పక్కన నిలబడి లెక్క వేశాము.

రెండేండ్లకు రుసుము 12,000 రూపాయలు. బావకు తెలిసిన మెకానిక్ అంచనా ప్రకారము ఆ కాలంలో ఇంజనుగాని గేరుబాక్సుగాని పోయే అవకాశము 20లో 1, ఖర్చు 80,000. ఏసీ కంప్రెసరు వంటి రిపేరుకు 5లో 1, ఖర్చు 15,000. గుణించి కూడితే 4,000, 3,000 కలిసి 7,000. కట్టేది 12,000, సగటున దక్కేది 7,000. మిగతాది అమ్మేవారి ఖర్చులకు, లాభానికి.

అంతటితో వద్దనడం తొందరపాటు. 1738లో డేనియల్ బెర్నౌలీ ఒక వర్తకుని ఉదాహరణ ఇచ్చాడు. ఆమ్‌స్టర్‌డాం నుండి పీటర్స్‌బర్గుకు వచ్చే సరుకు విలువ 10,000 రూబుళ్లు. 100 ఓడలలో 5 పోతాయి. సగటు నష్టము 500, బీమాకు అడిగేది 800. అయినా చేతిలో వేరే 5,043 రూబుళ్లయినా లేనివాడు బీమా మానరాదని ఆయన లెక్క తేల్చాడు. అంటే ఒకే కాగితము ఉన్నవానికి దండుగ, లేనివానికి అండ. బావ 80,000 ఒక్కసారి తేవాలంటే నూటికి మూడు రూపాయల వడ్డీయే దిక్కు. వడ్డీకే నెలకు 2,400. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు సంపాదన ఉండదు. ఇట్లా చూస్తే కట్టడమే మేలు.

కాని అసలు సంగతి కాగితం వెనక చిన్న అక్షరాలలో ఉన్నది: రెండేండ్లు లేక 40,000 కిలోమీటర్లు, ఏది ముందయితే అది. ఇంట్లోవాళ్లు తిరిగే కారుకు ఇది సరిపోవచ్చు. బావ బండి రెండేండ్లలో లక్ష తిరుగుతుంది. పది నెలలు నిండకముందే రక్షణ అయిపోతుంది! మెకానిక్ అంచనా లక్ష కిలోమీటర్లకు గనుక, దక్కేది అందులో ఐదింట రెండు వంతులు, సుమారు 2,800. మిగతా 60,000 కిలోమీటర్లకు బెర్నౌలీ వర్తకుని ఓడకున్న అండ కూడా లేదు. పైగా క్లచ్ ప్లేట్లు, బ్రేకు ప్యాడ్లు అందులో లేవు. ఒక్క సర్వీసు తప్పినా హక్కు పోతుందట.

ఊళ్లో మా నాయన బోరు మోటారుకు ఏ బీమా చేయడు. వడ్లు అమ్మిన డబ్బులో రీవైండింగు కోసమని కొంత విడిగా దాస్తాడు. బావకు అదే చెప్పాను. ఆ 12,000 కదిలించకుండా బ్యాంకులో ఉంచి, పోస్టాఫీసులో నెలకు 1,000 చొప్పున ఆర్‌.డి. మొదలుపెట్టాడు. ఈ మధ్య ఆల్టర్నేటరు పోతే బ్యాంకు డబ్బే ఆదుకున్నది. తగినంత జమ కాకముందే ఇంజను పోతే ఎట్లా బావా అని అడిగితే మాత్రం, "ఆయిలు టైముకు మారుస్తున్న గదరా" అని మాట దాటేస్తాడు.