సిలిండర్‌లో గాలి ఎంత మిగిలింది?

ప్రశ్న: అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకోవాలనుకుంటున్నాను. నీటి అడుగున ఉన్నప్పుడు సిలిండర్‌లో గాలి ఎంత ఉందో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెగ్యులేటర్‌కు అమర్చిన గొట్టం చివర ప్రెషర్ గేజ్ ఉంటుంది. డైవర్ దాన్ని కొద్ది నిమిషాలకోసారి చూసుకుంటూ ఉండాలి. 11 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ దాకా నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది.

అది ఎంతసేపు వస్తుందన్నది లోతును బట్టి ఉంటుంది. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 10 మీటర్ల లోతున 40, 20 మీటర్ల లోతున 60 లీటర్లు ఖర్చవుతాయి. ఒత్తిడి పెరిగేకొద్దీ ఒక్కో శ్వాసలో ఎక్కువ గాలి పోతుంది. అందుకే 50 బార్ మిగిలి ఉండగానే పైకి చేరేలా లెక్క వేసుకుంటారు.

దిగే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. గేజ్ చూస్తూ నాలుగైదుసార్లు గట్టిగా పీల్చాలి. పీల్చినప్పుడల్లా ముల్లు పడిపోయి మళ్లీ లేస్తుంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదన్నమాట. అలా నీళ్లలోకి దిగితే లోతుకు వెళ్లాక గాలి అందదు.

గేజ్‌లు వాడుకలోకి రాకముందు, గాలి పీల్చడం బరువైనప్పుడు జె-వాల్వ్ మీట లాగి రిజర్వు గాలితో పైకి వచ్చేవారు. ఆ మీట పొరపాటున ముందే కిందికి జారి ఉంటే రిజర్వూ ఉండేది కాదు. ఇప్పుడు ముల్లు 100 బార్‌కు చేరగానే శిక్షకుడికి చేతిసైగతో చెప్పడం మొదటి పాఠాల్లోనే నేర్పుతారు.