నేటి తాళము, రేపటి తాళపుచెవి

61ని 53చే గుణింపుమనిన ఎనిమిదవ తరగతి బాలుడు నిమిషములో 3233 అని చెప్పును. 3233 ఏ రెండు ప్రధానసంఖ్యల లబ్ధమని యడిగినచో వాడు కాగితము నిండ భాగహారములు వేయవలసివచ్చును. గుణించుట సులభము, విడదీయుట కష్టము. ఈ భేదము నాధారముగా జేసికొని 1977లో అమెరికాలో రివెస్ట్, షమీర్, ఆడిల్మన్ అను మువ్వురు ఆర్.ఎస్.ఏ. అను తాళమును గల్పించిరి. లబ్ధమును లోకమంతటికిని చాటవచ్చును. దానితో నెవరైనను సందేశమును మూయగలరు. కారణాంకముల నెరిగినవాడే తెరవగలడు.

ఆ సంవత్సరమే 129 అంకెల సంఖ్య యొకటి ప్రకటింపబడెను. దానిని విడదీయుటకు కోట్లకొలది యేండ్లు పట్టునని నాటి యంచనా. పదునేడేండ్లకే, 1994లో, వందలకొలది జనులు తమ కంప్యూటర్లను గూర్చి దానిని ఛేదించిరి. తాళమునకు ఆయువు చెప్పువారి మాటను కొంత తగ్గించియే నమ్మవలెనేమో!

ఆ 1994లోనే పీటర్ షోర్ అను గణితవేత్త వేరొక త్రోవ చూపెను. 2 యొక్క ఘాతములను 15చే భాగించి చూడుడు. శేషములు 1, 2, 4, 8, మరల 1, 2, 4, 8 అని వచ్చును. ఆవృత్తి 4; అందు సగము 2. రెండు యొక్క వర్గము 4. దానినుండి ఒకటి తీసిన 3, దానికి ఒకటి కలిపిన 5. ఇవియే 15కు కారణాంకములు! మహాసంఖ్యల విషయమున ఈ యావృత్తిని గనుగొనుట మన కంప్యూటర్లకు దుస్సాధ్యము; క్వాంటమ్ కంప్యూటరునకు సాధ్యమని షోర్ నిరూపించెను.

అంతటి యంత్ర మింకను నిర్మింపబడలేదు. అట్లని సంస్థలు ఉపేక్షింపరాదు. చోరుడు మూసిన పెట్టెకు నేడే నకలు తీసి దాచుకొనును. యంత్రము వచ్చిననాడు తెరచును. ఒక వైద్యశాల తన పత్రములను ముప్పదియేండ్లు గోప్యముగా నుంచవలె ననుకొనుడు. తాళములు మార్చుటకు పదియేండ్లు పట్టు ననుకొనుడు. నలుబదియేండ్లలోపల యంత్రము వచ్చెనా, కొన్ని పత్రములు బయటపడక తప్పదు.

క్రొత్త తాళములు సిద్ధముగనే యున్నవి. అమెరికా ప్రమాణముల సంస్థ 2024 ఆగస్టు 13న మూడింటిని ప్రకటించినది. ఒకటి తాళపుచెవులను రహస్యముగా నేర్పరచుకొనుటకు, తక్కిన రెండు సంతకములకు. చిక్కంతయు పాతవాటిని వెదకుటయందే యున్నది. ఏ తాళము ఏ కంప్యూటరులో, ఏ యంత్రములో నున్నదో పలు సంస్థలకే తెలియదు. అందుచేతనే బ్రిటను జాతీయ సైబరు రక్షణ కేంద్రము 2025లో సంస్థలకు గడువులు సూచించుచు, 2028 నాటికి ముందుగా తాళముల పట్టిక వ్రాసికొనుడనియు, 2035 నాటికి మార్పు ముగింపుడనియు జెప్పినది.