లుస్త్ర జనులు, మన సినిమా అభిమానులు

(యౌవనస్థుల కూటమునకు పాఠము. చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 14:8–19, 1 కొరింథీయులకు 3:1–9)



మన అనంతపురము సీమ సంఘములలో సినిమా మాట వచ్చినప్పుడు పెద్దలు ఒక్క మాటతో ముగింతురు: అది లోకసంబంధమైనది, దాని జోలికి పోవద్దు. యౌవనస్థులు తలయూపుదురు, సాయంకాలము బస్సెక్కి ధర్మవరమునకో, కదిరికో, హిందూపురమునకో పోయి ఆట చూచి వత్తురు. ఇప్పుడు బస్సుతో కూడ పనిలేదు, చేతిలోని ఫోను చాలును. ఇట్టి బోధవలన సినిమా మానినవారు కొద్దిమంది. ఆ సంగతి పెద్దలతో మాటలాడుట మానినవారు అనేకులు. కావున సినిమా చూడవచ్చునా కూడదా అను ప్రశ్నను ఈ నెల ప్రక్కన పెట్టుదము. దీనిని వ్రాయువాడును సినిమాలు చూచువాడే, ఏది గొప్పదని వాదించుటయందు ప్రీతిగలవాడే. చూచువాడు తెరమీది మనుష్యుని ఎట్లు ఎంచవలెనన్నదే మన ప్రశ్న.

మొదట లుస్త్రకు పోవుదము. అది లుకయోనియ దేశపు పట్టణము. ఆ దేశము నేటి టర్కీలోని ఎత్తైన మెట్టభూమి. చెట్లు తక్కువ, నీళ్లు తక్కువ, గొఱ్ఱెలు మెండు. అక్కడ బావులు మిక్కిలి లోతుగా త్రవ్వుదురనియు, ఒకచోట నీళ్లను వెలకు అమ్ముదురనియు పూర్వపు భూగోళ గ్రంథకర్త స్ట్రాబో వ్రాసియున్నాడు. ఏటికి సుమారు 55 సెంటీమీటర్ల వానతో బ్రదుకు మనకు ఆ దేశమును ఇంతకంటె వర్ణింపనక్కరలేదు. అట్టి ఊరిలో పుట్టుకుంటివాడొకడు లేచి నడిచెను. జనులు బర్నబాను ద్యుపతి యనిరి, మాటలాడువాడు గనుక పౌలును హెర్మే యనిరి. పూజారి కోడెలను, పూలదండలను తెచ్చెను. వారు తమ లుకయోనియ భాషలో కేకలు వేయుచుండిరి గనుక, కోడెలు వాకిటికి వచ్చువరకు అపొస్తలులకు సంగతి తెలియలేదేమో. తెలిసినంతనే బట్టలు చింపుకొని జనములోనికి చొరబడిరి. మేమును మీవంటి మనుష్యులమే యని బ్రతిమాలిరి. పౌలు ఆ కరవు ప్రజలకు వానను గూర్చియు పంట కాలములను గూర్చియు చెప్పుట గమనించుడి. అయినను వారిని ఆపుట బహు కష్టమాయెను.

ఇది పాతకాలపు మాట యనుకొనవద్దు. 2025 జనవరి 12వ తేదీన ‘డాకు మహారాజ్’ అను చిత్రము విడుదలైనప్పుడు, తిరుపతిలో ఒక సినిమా హాలునొద్ద కొందరు అభిమానులు మేకను నరికి, దాని రక్తమును కథానాయకుని పటమునకు పూసిరి. పోలీసులు కేసు పెట్టి అయిదుగురిని పట్టుకొనిరి. ఆ కథానాయకుడు నందమూరి బాలకృష్ణ గారు, మన హిందూపురము శాసనసభ్యులు. అభిమానుల పనికి ఆయనను నిందించుట న్యాయము కాదు. ఆ చిత్రపు సభ జనవరి 9న మన అనంతపురములోనే జరుగవలసియుండెను. ముందటి రాత్రి తిరుపతిలో టోకెన్ల కొఱకైన త్రొక్కిసలాటలో ఆరుగురు మరణించినందున దానిని మానుకొనిరి. అది మెచ్చదగిన పని. దానికి నెల ముందు, 2024 డిసెంబరు 4న, హైదరాబాదు సంధ్యా థియేటరు వద్ద ‘పుష్ప 2’ ముందస్తు ఆటకు కథానాయకుడు వచ్చెనని జనము ఎగబడగా ఒక తల్లి చనిపోయెను, ఆమె చిన్న కుమారుడు తీవ్రముగా గాయపడెను. బిడ్డతో సినిమాకు పోయిన తల్లి! ఆమె చేసిన తప్పేమి?

మనుష్యునికి దేవుని వేషము వేసి, పిమ్మట వేషమును మరచి మనుష్యునికే మ్రొక్కుట తెలుగుదేశమున ఎట్లు పెరిగెనో చూడవలెనన్న, 1957లో వచ్చిన ‘మాయాబజార్’ను చూడవలెను. అందులో ఎన్.టి. రామారావు గారు శ్రీకృష్ణుడు. అంతకుముందు ఒక చిత్రములో ఆయన కృష్ణవేషమును జనులు మెచ్చలేదు. ఆయన వెనుకాడగా పట్టుబట్టి ఒప్పించినవాడు దర్శకుడైన కె.వి. రెడ్డి. ఆ తరువాత కథ అందరికి తెలిసినదే. ఆ పటములు ఇండ్లలో గోడలకెక్కెను. ఆయన 1982లో పార్టీ పెట్టి 1983లో ముఖ్యమంత్రి ఆయెను. 1985, 1989, 1994 సంవత్సరములలో మన హిందూపురము ఆయనను గెలిపించెను. 1989లో కల్వకుర్తి ఓడించినను హిందూపురము విడువలేదు. ఆయన పరిపాలన మంచిదా చెడ్డదా అన్నది ఈ పత్రిక పని కాదు.

అయితే కె.వి. రెడ్డి ఎవరు? ఈ ప్రశ్న మన యౌవనస్థులను అడిగి చూడుడి. కదిరి వెంకటరెడ్డి గారు 1912లో మన తాడిపత్రిలో పుట్టినవాడు. సినిమా కంపెనీలో క్యాషియరుగా లెక్కలు వ్రాసి, పిమ్మట దర్శకుడై ‘యోగి వేమన’ను, ‘పాతాళభైరవి’ని, ‘మాయాబజార్’ను తీసెను. ప్రతి ఘట్టమును కాగితముమీదనే గడియారముతో కొలిచి, ఎంత ఫిలిము పట్టునో ముందుగానే లెక్క కట్టువాడని ఆయనకు పేరు. కరవు సీమవాని పొదుపు అది, నీళ్లను చెంబుతో కొలుచువాడు ఫిలిమును అడుగులతో కొలిచెను. మాటలు పింగళి నాగేంద్రరావువి, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లీది, కళ గోఖలే, కళాధర్‌లది. వీరిలో ఎవరి పటమునకైనను పాలు పోసినవారిని నేను వినలేదు.

ఇక్కడ నా అభిప్రాయము చెప్పెదను, కాదనువారు కూటములో కాదనవచ్చును. ‘మాయాబజార్’లో అందరికంటె గొప్ప నటన కృష్ణునిది కాదు, అభిమన్యునిది కాదు. రామారావుగారి వారును నాగేశ్వరరావుగారి వారును కొట్లాడుకొనినది వృథా. ఘటోత్కచునిగా ఎస్.వి. రంగారావు మహానటుడే, అయినను సావిత్రిదే నా ఓటు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించినప్పుడు ఆ రూపములో నటించునది సావిత్రియే గదా. పైకి కన్యక, లోపల రాక్షసుడు, ఆ ఇద్దరిలో ఎవరును కాని సావిత్రి. ఆమె నడకలో, కనుబొమలో మనకు లోపలివాడు అగుపడును. అప్పుడు మనము నవ్వుదుము. ఎందుకనగా వేషము వేరు, లోపలివారు వేరని ఎరిగియున్నాము. ఆ ఎరుకయే సినిమా చూచువాని వివేకము. హాలులో ఉన్నంతసేపు ఉండు ఆ వివేకము, బయటికి రాగానే ఏమగుచున్నది?

అన్యులను గూర్చి చెప్పి మనము తప్పించుకొనలేము. 1978లో ‘కరుణామయుడు’ వచ్చెను. యేసుప్రభువు వేషము ధరించినవాడు విజయచందర్ గారు. ఆ చిత్రమును క్రైస్తవ బృందములు ప్రొజెక్టరుతో ఊరూరికి తీసికొనిపోయి, తెల్లని తెర కట్టి చూపిరి. హిందీలో ‘దయాసాగర్’ అను పేరుతో ఉత్తరదేశమున కూడ చూపిరి. సినిమా లోకసంబంధమైనదని పలికిన మన పెద్దలే చాపలు తెచ్చుకొని ముందు వరుసలో కూర్చుండిరి. మంచిదే. అయితే ఆ నటుని కన్నులారా చూచి మ్రొక్కినవారు మనలో లేరా? అదే విజయచందర్ గారు 1986లో షిర్డీ సాయిబాబా వేషము ధరించినప్పుడు మన విశ్వాసులు కొందరు నొచ్చుకొనిరి. ఏల? ఆయన నటుడు, వేషము వేయుట ఆయన వృత్తి. ఆయన మనకు ద్రోహము చేయలేదు, మనమే ఆయనను మనుష్యునిగా ఉండనియ్యలేదు.

వేమనగాను పోతనగాను నటించిన చిత్తూరు నాగయ్య గారి మాట కూడ వినుడి. జనులు ఆయనను నిజమైన యోగియనియే తలంచిరి. అడిగినవారికెల్ల ఇచ్చి ఇచ్చి, 1973లో బీదతనములో మరణించెను. మ్రొక్కిన చేతులు చాలా ఉండెను.

ఇప్పుడు కొరింథుకు రండి. అక్కడివారు ఒకడు పౌలు పక్షమనియు, ఒకడు అపొల్లో పక్షమనియు చీలిరి. పౌలు వారిని పసిబిడ్డలని యెంచి, నాటినవాడెవడు, నీళ్లు పోసినవాడెవడు, పెంచినవాడెవడు అని విడమరచి చెప్పెను. మన గ్రామములలో ఈ రోగము కథానాయకులతో ఆగలేదు. టి.వి.లోను ఫోనులోను కనబడు ప్రసంగీకులకు ఇప్పుడు అభిమాన సంఘములవంటివి పుట్టినవి. సభ జరుగు ఊరి మొగదల నిలువెత్తు ఫ్లెక్సీలు, వాటిమీద ప్రభువు పేరుకంటె పెద్ద అక్షరములతో ప్రసంగీకుని పేరు. ఫలానివాని ప్రార్థన పనిచేయును, మన పాస్టరుగారిది పనిచేయదు అని మాటలాడుకొందురు. మీ ఇంట చావు వచ్చిన రాత్రి మోటారు సైకిలు మీద వచ్చినవాడు ఎవడు? ఆ ఫ్లెక్సీ చూచి బట్టలు చింపుకొనిన ప్రసంగీకుని నేనింకను చూడలేదు.

కూటము నడుపువారికి ఒక మాట. ‘మాయాబజార్’ను 2010లో రంగులద్ది తిరిగి విడుదల చేసిరి, పాతదైనను, రంగులదైనను ఒకటి తెచ్చి పిల్లలకు చూపుడి. పేర్లు పడునప్పుడు మాటలాడనియ్యకుడి. ఒక పిల్లవానిచేత ఆ పేర్లను పెద్దగా చదివించుడి, తాడిపత్రివాని పేరు రాగానే ఆపుడి. తరువాత లేఖనభాగము చదువునప్పుడు 18వ వచనమునొద్ద ఆగవద్దు, అనేకులు అక్కడనే ఆగుదురు. 19వ వచనములో, అంతియొకయ ఈకొనియలనుండి వచ్చినవారి మాటవిని, ఆ లుస్త్ర జనులే పౌలు మీద రాళ్లు రువ్వనిచ్చి, చచ్చెననుకొని ఊరి బయటికి ఈడ్చిరి. దండలు తెచ్చిన దినమునకును రాళ్లు పడిన దినమునకును నడుమ వారికి పౌలును గూర్చి క్రొత్తగా ఏమి తెలిసెనో పిల్లలను అడుగుడి; జవాబు మీరు చెప్పకుడి. చిత్రము మూడు గంటలకు పైగా నడుచును గనుక రెండు శనివారములు పెట్టుకొనుట మేలు, కరెంటు ఎప్పుడు పోవునో చెప్పలేము.