తల తిరుగుట: కారణములు, తగు జాగ్రత్తలు

“తల తిరుగుతున్నది” అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడేదే. అయితే ఆ ఒక్క మాటతో మనము అనేక బాధలను చెబుతుంటాము. చెరకు తోటలో వంగి పనిచేసి చటాలున లేచిన కూలీకి కళ్ళు బైర్లు కమ్ముతవి. మంచముపై పక్కకు ఒత్తిగిలిన ముసలమ్మకు ఇంటి దూలములు గిర్రున తిరిగినట్లు తోచును. మధుమేహముతో అరికాళ్ళు మొద్దుబారిన వానికి చీకటిలో అడుగు తూలుతుంది. పరీక్షల దిగులుతో నిద్ర మానిన విద్యార్థికి తల దిమ్ముగా, తేలిపోతున్నట్లుగా ఉంటుంది. నలుగురి మాట ఒకటే, జబ్బులు మాత్రము నాలుగు. నలుగురికీ ఒకే మాత్ర మింగించుట వైద్యము కానేరదు. కావున ఏది ఏదో వేరుచేసి తెలుసుకొనుట మన మొదటి పని.

ఈ భేదమును ప్రాచీనులు ఎరుగకపోలేదు. ఆయుర్వేదమున మాధవనిదానము ‘భ్రమ’ను మూర్ఛ, తంద్రల సరసన చేర్చి వర్ణించినది. ఉర్దూలో మనము ‘చక్కర్’ అని ఊరుకొందుము గాని, ఇబ్న్ సీనా (980–1037) తన ‘ఖానూన్’ గ్రంథములో కళ్ళు చీకట్లు కమ్ముటను ‘సదర్’ అనియు, పరిసరములు గిరగిర తిరుగుటను ‘దువార్’ అనియు విడదీసి చెప్పినాడు.

శరీరము తూలక నిలుచుటకు మూడు సాక్ష్యములు కావలెను: కంటి చూపు, అరికాళ్ళ కీళ్ళ స్పర్శ, లోపలి చెవి. మెదడు ఈ మూడింటిని సరిపోల్చుకొని దేహమును నిలుపుతుంది. లోపలి చెవిలో ద్రవముతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళికలు ఉన్నవి. తల తిరిగినపుడు అందలి ద్రవము కదలి, ఆ సంగతి మెదడుకు చేరును. వాటి మొదట గల సంచిలో సున్నపు స్ఫటికములు ఉండి తల వాలుటను తెలుపును. ఒక చెవి చెప్పినది ఇతర సాక్ష్యములతో పొసగనపుడు, నిలిచి ఉన్న లోకము తిరుగుచున్నట్లు భ్రాంతి కలుగును.

ఇట్టి బాధ మెదడులో రక్తము పొంగుటవలన వచ్చునని ఒకప్పుడు వైద్యులు తలచేవారు. 1861లో పారిస్ వైద్యుడు ప్రాస్పర్ మెనియే దీనికి మూలము చెవిలో ఉండవచ్చునని చూపినాడు. తరువాత వియన్నాకు చెందిన రాబర్ట్ బరానీ, చెవిలో చల్లని నీరు పోసినపుడు కనుగుడ్లు ఒకవైపు, వెచ్చని నీరు పోసినపుడు మరొకవైపు కొట్టుకొనుటను గమనించి పరీక్షావిధానమును ఏర్పరచినాడు. 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఆయనకు ప్రకటింపబడిన నాటికి ఆయన రష్యాలో యుద్ధ ఖైదీ.

గిర్రున తిరుగు రకములో మిక్కిలి సాధారణమైనది, చెవిలోని స్ఫటికములు సంచి నుండి ఊడి నాళికలో పడుటవలన కలుగునది. పడుకొనునపుడు, పక్కకు ఒత్తిగిలినపుడు, అటకపైకి చూచినపుడు ఇది వచ్చును. సాధారణముగా ఒక నిమిషము లోపలనే తగ్గును. వినికిడి చెడదు. దీనిని ‘మెడ నరము’ అనియు, ‘గ్యాసు’ అనియు పొరబడి నెలల తరబడి మందులు వాడువారు కలరు. తలను ఒకవైపు త్రిప్పి రోగిని వెనుకకు పడుకోబెట్టి కన్నుల కదలికను చూచు పరీక్షను 1952లో డిక్స్, హాల్‌పైక్ అను వైద్యులు వివరించినారు. స్ఫటికములను తిరిగి సంచిలోనికి చేర్చు పద్ధతిని అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రకటించినాడు.

కుడిచెవి దోషమునకు ఆ పద్ధతి ఇట్లు ఉండును. రోగి మంచముపై కాళ్ళు చాపి కూర్చుండి తలను కుడివైపునకు సగము త్రిప్పవలెను. వెంటనే వెల్లకిల పడుకొని, తల మంచము అంచునుండి కొద్దిగా క్రిందికి వ్రేలాడునట్లు ఉంచవలెను. తిరుగుట ఆగిన పిమ్మట తలను మెల్లగా ఎడమవైపునకు త్రిప్పవలెను. తరువాత శరీరముతో సహా ఎడమ ప్రక్కకు ఒరిగి, ముఖము నేలను చూచునట్లు చేసి, చివరకు నెమ్మదిగా లేచి కూర్చుండవలెను. ప్రతి స్థితిలోను అర నిమిషము మొదలు ఒక నిమిషము వరకు ఆగవలెను. మొదటిసారి వైద్యుని చేతిమీదుగానే జరుగవలెను. మెడ ఎముకల జబ్బు, కంటి నరపు పొర ఊడిన జబ్బు గలవారు స్వయముగా ప్రయత్నింపరాదు.

ఇందుకు యంత్రములు అక్కరలేదు. ఒక మంచము, తెలిసిన చేయి చాలును. 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నర్సీపట్నం వైద్య కళాశాల స్థలము మాకవరపాలెం మండలములోని భీమబోయినపాలెములోనే ఉన్నది. పెద్ద భవనముల కొరకు వేచి ఉండనక్కరలేకుండ, ఈ విద్య గ్రామ వైద్యశాలలలో సైతము అందదగినది.

చెవి జబ్బులలో మరి రెండు ముఖ్యమైనవి. చెవి నరము వాచినపుడు తిరుగుట రోజుల తరబడి విడువక ఉండును. మెనియే వ్యాధిలో తిరుగుటతోపాటు చెవిలో హోరు, బరువు, వినికిడి తగ్గుట కలుగును. వాంతి, తిరుగుడు అణచు మాత్రలను రెండు మూడు దినములకు మించి అలవాటు చేసుకొనరాదు. అవి మెదడు తనంతట తాను సర్దుకొనుటను ఆలస్యము చేయును. కొన్నిటిని దీర్ఘకాలము వాడిన వృద్ధులకు చేతి వణుకు కూడ రావచ్చును.

లేచినపుడు కళ్ళు బైర్లు కమ్మువారి సంగతి వేరు. నిలుచున్న మూడు నిమిషములలో పై రక్తపోటు 20, లేక క్రింది రక్తపోటు 10 పడిపోయినచో అది దోషము. చెమటతో నీరు, ఉప్పు పోవుట, రక్తహీనత, రక్తపోటు మందులు ఎక్కువగుట దీనికి కారణములు. అట్టివారు మొదట కూర్చుండి, పిదప లేవవలెను. రమజాను ఉపవాసములలో మధుమేహ రోగికి చెమట, వణుకుతో తల తిరిగినచో రక్తపు చక్కెరను చూచుకొనవలెను. అది 70 కంటె తగ్గినచో ఉపవాసము విరమించుటే తగును. రోగికి ఆ మినహాయింపు ఉన్నది.

ఒక విషయమున మాత్రము జాగు పనికిరాదు. తల తిరుగుటతోపాటు మాట తడబడుట, మూతి వంకరపోవుట, ఒక చేయి గాని కాలు గాని పడిపోవుట, వస్తువులు రెండుగా కనబడుట, ఆధారము లేక నిలువలేకపోవుట, మున్నెన్నడు లేని తలనొప్పి ఉన్నచో అది పక్షవాతము కావచ్చును. రక్తపు గడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపల ఇవ్వవలసినది. మాకవరపాలెం నుండి విశాఖపట్నము చేరుటకే అందులో కొంత కాలము గడచును. దిష్టి తీయుచు, సోడా త్రాగించుచు ఒక గంట పోగొట్టుకొనుట ప్రాణము మీదికి తెచ్చును. వెంటనే 108కి చెప్పవలెను.

తల తిరుగు దినములలో తాటిచెట్టు, కొబ్బరిచెట్టు ఎక్కుట, బావి గట్టున నిలుచుట, బండి నడుపుట మానవలెను. రాత్రి దీపము వెలిగించియే లేవవలెను.

వైద్యుని వద్దకు పోవునపుడు నాలుగు సంగతులు కాగితముపై వ్రాసికొని పోవుదము: తిరుగుటయా, చీకట్లు కమ్ముటయా, ఎంతసేపు ఉండెను, ఏ కదలికతో వచ్చెను, చెవి, చూపు, మాటలలో మార్పు కలదా. ఈ నాలుగింటికి తిన్నని సమాధానము దొరికినచో వ్యాధి సగము తెలిసినట్లే.