పగ్ కుక్క కంట్లో పుసులా? కలక అనుకోవద్దు

పట్నంలో పిల్లలు కొని తెచ్చిన పగ్ కుక్కలు పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. ముక్కు చప్పిడిగా, కళ్లు ఉబ్బెత్తుగా ఉండే ఈ జాతుల్లో కన్నీరు తగ్గి కన్ను ఎండిపోయే జబ్బు ఎక్కువ. జిగట పుసులు, ఎర్రదనం, నల్లగుడ్డు మెరుపు తగ్గడం దీని లక్షణాలు. కలకే కదా అని ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయొద్దు. కంట్లో పుండు ఉండి, ఆ మందులో స్టిరాయిడ్ ఉంటే గుడ్డుకు చిల్లు పడొచ్చు.

పరీక్ష తేలికే. డాక్టరు షిర్మర్ కాగితం ముక్కను కింది రెప్పలో ఒక నిమిషం ఉంచుతారు. 15 మిల్లీమీటర్లు, ఆపైన తడిస్తే మామూలే. 10-15 మధ్య అనుమానించాలి. 10 లోపు జబ్బు, 5 లోపు ముదిరినట్టు. కంట్లో ఏ చుక్కలూ వేయకముందే ఈ పరీక్ష జరగాలి. తర్వాత రంగు మందు వేసి పుండు ఉందేమో చూస్తారు.

జబ్బని తేలితే సైక్లోస్పోరిన్ మందు రోజూ, చాలావరకు జీవితాంతం వేయాలి. రైతు సోదరులు ఆలస్యం చేస్తే కుక్కకు చూపే పోతుంది.